సింగపూర్‌లో తక్కువలో గది, మంచి తిండి: ముందు ఎక్కడ తింటారో చూస్కోండి, హోటల్ తర్వాత

మీరు అడిగింది ఇదీ కదా: డిసెంబర్ రెండో వారంలో ఐదు రాత్రులు సింగపూర్, మీరిద్దరూ, తొమ్మిదేళ్ల బాబు, మీ అత్తగారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. గదికి రోజుకి పది వేల రూపాయలు దాటకూడదు, తిండికి మరీ ఎక్కువ అవ్వకూడదు, ఎవరో ఊరికి దూరంగా చవగ్గా ఒక హోటల్ చెప్పారు, అది తీస్కోవచ్చా అని.

వద్దండి. నేను ఇక్కడ పదకొండేళ్లుగా ఉంటున్నా, మాది చిన్న అద్దె ఫ్లాట్, అందుకని ఇంటి నుంచి అమ్మానాన్న, బావగారి వాళ్లు, పిన్ని వాళ్లు, ఎవరొచ్చినా హోటల్ చూసి పెట్టేది నేనే, ఏటా రెండు మూడు కుటుంబాలైనా వస్తాయి. ఇన్నేళ్లలో నాకు బాగా తెలిసొచ్చింది ఏంటంటే ఈ ఊళ్లో గది ఖరీదు, తిండి చవక. కానీ మనవాళ్లు చాలామంది తిరగేసి చేస్తారు. గది మీద ముప్పై సింగపూర్ డాలర్లు మిగులుతాయని ఎక్కడో దిగుతారు, పొద్దున్నే బయల్దేరితే మళ్లీ రాత్రికే గదికి, మధ్యలో ఆకలేస్తే కళ్లెదురుగా ఉన్న మాల్‌లో ఏదో ఒక రెస్టారెంట్, పిల్లాడు ఏడుస్తుంటాడు, పెద్దావిడ కాళ్లు లాగుతున్నాయంటారు, ఇక టాక్సీ. మిగిల్చిన ముప్పై ఒక్క పూటలో పోతాయి. అందుకే నేను ముందు తిండి ఎక్కడ దొరుకుద్దో చూస్తా, అక్కడికి పెద్దవాళ్లు నడిచి వెళ్లగలిగే దూరంలో మెట్రో కూడా ఉండే హోటల్ వెతుకుతా. రేటు చూసేది మూడోది.

ఇక్కడ తిండి ఎందుకు చవకో ముందు చెప్తా, అది తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుద్ది. ఒకప్పుడు ఇక్కడ కూడా బళ్ల మీద, రోడ్డు పక్కన అమ్మేవాళ్లు. 1960ల చివర్లో ప్రభుత్వం వాళ్లందరి పేర్లు రాసుకుని లైసెన్సులిచ్చి, 1970ల నుంచి 1980ల మధ్య దాకా నీళ్లు, డ్రైనేజీ ఉన్న పెద్ద షెడ్లు కట్టి అందులోకి మార్చింది. వాటినే హాకర్ సెంటర్లు అంటారు, ఊరంతా కలిపి వందకు పైనే ఉన్నాయి. 2020లో ఈ హాకర్ సంస్కృతి యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది. ఇవి టూరిస్టుల కోసం పెట్టినవి కావు, ఆఫీసులో సూటేసుకున్నాయన, టాక్సీ నడిపే ఆయన, స్కూల్ పిల్లలు అందరూ రోజూ తినేది అక్కడే. కాబట్టి హాకర్ సెంటర్‌కి వెళ్లడం అంటే కక్కుర్తి పడటం అనుకోకండి, ఈ ఊళ్లో మంచి తిండి దొరికే చోటే అది. 2016లో మంచి రెస్టారెంట్లకి స్టార్లిచ్చే మిషెలిన్ గైడ్ ఇక్కడ మొదలైనప్పుడు రెండు హాకర్ స్టాళ్లకి స్టార్ కూడా వచ్చింది.

రేట్లు చూడండి. కాఫీ డాలరున్నర అటూఇటూ, ప్లేట్ చికెన్ రైస్ నాలుగు నుంచి ఆరు, టెక్కా అనే హాకర్ సెంటర్‌లో సాదా దోశ రెండు డాలర్ల దగ్గర. డాలర్ అంటే మనకి 70 రూపాయల చుట్టుపక్కల వేసుకోండి. మనిషికి రోజుకి పదిహేను, ఇరవై డాలర్లలో మూడు పూటలా కడుపు నిండా తినొచ్చు. మీ నలుగురికి అరవై నుంచి ఎనభై డాలర్లు, అంతే.

రెస్టారెంట్‌లో లెక్క వేరు. మెనూ మీద రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులు కనపడితే ఆ రేటు అసలు రేటు కాదన్నమాట. ముందు పది శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద మళ్లీ 9 శాతం జీఎస్టీ (2024 జనవరి నుంచి 9 అయ్యింది). అంటే మెనూలో 80 కనపడింది బిల్లులో 95.92 అవుద్ది. కొన్ని చోట్ల కూర్చోగానే తడి టవల్, వేరుశనక్కాయలు తెచ్చి పెడతారు, అవి కూడా బిల్లులో ఉంటాయి, అక్కర్లేకపోతే మొహమాటపడకుండా వెంటనే వద్దని చెప్పేయండి, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. పీతలు, పెద్ద రొయ్యలు లాంటివి తూకం మీద అమ్మేచోట "మొత్తం ఎంతవుద్ది" అని ఆర్డర్ ఇచ్చేముందే అడగండి, కిలో రేటు విని సరే అనకండి. హాకర్ సెంటర్‌లో ఈ సర్వీస్ చార్జి గొడవే లేదు, బోర్డు మీద ఎంతుంటే అంతే ఇస్తారు, మహా అయితే పార్సిల్ డబ్బాకి ఇరవై ముప్పై సెంట్లు.

ఇప్పుడు గది. మీ నలుగురికి, అందులోనూ శాకాహారం తినే పెద్దావిడ ఉన్నారు కాబట్టి, నేనైతే వేరే ఆలోచన లేకుండా లిటిల్ ఇండియా, ఫారర్ పార్క్ మెట్రో స్టేషన్ల మధ్య చూస్తా. సెరంగూన్ రోడ్డు, సయ్యద్ అల్వీ రోడ్డు, రేస్ కోర్స్ రోడ్డు ఆ చుట్టుపక్కలంతా చిన్న చిన్న హోటళ్లు చాలా ఉన్నాయి. టెక్కా సెంటర్ లిటిల్ ఇండియా స్టేషన్ పక్కనే, ముస్తఫా అనే పెద్ద షాపు ఫారర్ పార్క్ స్టేషన్‌కి దగ్గర, మధ్యలో వీరమాకాళియమ్మన్ గుడి, ఫారర్ పార్క్ వైపు శ్రీనివాస పెరుమాళ్ గుడి. మీ అత్తగారు పొద్దున్నే స్నానం చేసి గుడికెళ్లి, పక్కనే టిఫిన్ చేసి, మీరు లేచేలోపు వచ్చేయొచ్చు. మా అమ్మ అలాగే చేసేది, రెండో రోజుకే దారి మొత్తం తెలిసిపోయింది, మూడో రోజు పూలకొట్టు ఆవిడతో సగం తమిళం సగం తెలుగులో కబుర్లు కూడా. ఊరుకాని ఊళ్లో పెద్దవాళ్లకి ఆ ధైర్యం రావడం చిన్న విషయం కాదండి, దానికోసం రాత్రికి పది డాలర్లు ఎక్కువైనా ఇస్తా నేను.

ఒక్కటి గుర్తుంచుకోండి, ఆదివారం సాయంత్రం అక్కడ కాలు పెట్టే సందు ఉండదు. మన దేశం నుంచి, బంగ్లాదేశ్ నుంచి వచ్చి కన్‌స్ట్రక్షన్‌లో, షిప్‌యార్డుల్లో పనిచేసే వాళ్లకి సెలవు ఆ ఒక్కరోజే, అందరూ అక్కడికే వస్తారు, డబ్బులు పంపుకుంటారు, స్నేహితుల్ని కలుస్తారు. భయపడాల్సిందేమీ లేదు, కానీ పెద్దావిడతో ఆ టైంలో టెక్కాకి వెళ్లకండి, కూర్చోడానికి కుర్చీ దొరకదు.

లిటిల్ ఇండియాలో దొరక్కపోతే పక్కనే జలాన్ బెసార్, లావెండర్ చూడండి, అక్కడా పెద్ద హోటళ్లూ ఉన్నాయి, చిన్నవీ ఉన్నాయి, లావెండర్‌లో ఒక హోటల్ అయితే మెట్రో స్టేషన్ పైనే ఉంది, వి హోటల్ అని. చైనాటౌన్ నాకు చాలా ఇష్టం, తిండికి అంతకంటే మంచి చోటు ఊళ్లో లేదు, చైనాటౌన్ కాంప్లెక్స్‌లో రెండొందలకు పైగా స్టాళ్లు, నడిచే దూరంలో మాక్స్‌వెల్, హాంగ్ లిమ్, ఆమోయ్ స్ట్రీట్ అనే హాకర్ సెంటర్లు. భార్యాభర్తలు మాత్రమే వస్తున్నారు, అన్నీ తింటారు అంటే అక్కడే దిగమని చెప్తా. ఒంటరిగా వచ్చే కుర్రాళ్లకి క్యాప్సూల్ హాస్టళ్లు (ఒక్క మనిషి పడుకునే పెట్టెల్లాంటి అరలు) కూడా ఆ వైపు ఉన్నాయి. మీకు మాత్రం కాదు.

గేలాంగ్ అని ఒక ఏరియా ఉంది, వెబ్‌సైట్‌లో అన్నిటికంటే తక్కువ రేట్లు అక్కడే కనపడతాయి. అది ఇక్కడ ప్రభుత్వానికి తెలిసే నడిచే రెడ్ లైట్ ఏరియా. అక్కడ తిండి బ్రహ్మాండంగా ఉంటది, రాత్రి పూట కూడా దొంగతనాల భయం అదీ ఉండదు, కానీ బాబుతో అత్తగారితో రాత్రి తొమ్మిదింటికి ఆ సందుల్లోంచి నడిచి గదికి వెళ్లడం మీకే బాగోదు. అలాగే బోర్డర్ దాటి మలేషియాలో జొహార్ బహ్రూలో గది తీస్కుని రోజూ వచ్చి పోదాం అని కొందరు ప్లాన్ చేస్తారు, గది సగం రేటుకి వస్తది నిజమే, కానీ రోజూ రెండుసార్లు రెండు దేశాల ఇమ్మిగ్రేషన్ లైన్లు, శుక్రవారం సాయంత్రాలు శనివారాలు గంటలు గంటలు నిలబడాలి. ఐదు రోజుల ట్రిప్‌లో అది పనికిరాదు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. ఇక్కడ ఇళ్లలో గదులు రోజుల లెక్కన అద్దెకివ్వడం చట్టరీత్యా కుదరదు. ప్రైవేట్ అపార్ట్‌మెంట్ అయితే కనీసం మూడు నెలలు, ప్రభుత్వ హెచ్‌డీబీ ఫ్లాట్ అయితే కనీసం ఆరు నెలలు ఇవ్వాలి. కాబట్టి ఎవరైనా వాట్సాప్‌లో "మొత్తం ఫ్లాట్, కిచెన్ ఉంది, వంట చేస్కోవచ్చు, రోజుకి ఎనభై డాలర్లు" అని పంపితే ఆశపడకండి. అడ్వాన్స్ పంపాక మనిషి మాయమవ్వచ్చు, లేదా నిజంగానే ఫ్లాట్ ఉన్నా పక్కింటివాళ్లు కంప్లయింట్ చేస్తే నడిరాత్రి సామానుతో రోడ్డు మీదుంటారు. లైసెన్స్ ఉన్న హోటల్, హాస్టల్, సర్వీస్డ్ అపార్ట్‌మెంట్, ఇవి మూడే.

ఇక గదిలోపల సంగతి, ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు, నేనూ తిన్నా. మొదటిసారి అమ్మానాన్న వచ్చినప్పుడు రేటు బాగుంది, మెట్రో దగ్గర, ఫొటోలు తళతళలాడుతున్నాయి అని ఒక చిన్న హోటల్ బుక్ చేశా. గదికి కిటికీ లేదని చిన్న అక్షరాల్లో రాసుంది, నేను చూళ్లేదు. మా నాన్నకి నాలుగింటికే లేచే అలవాటు, వెలుతురు బట్టి టైం చెప్పే మనిషి. మర్నాడు ఎనిమిదింటికి నేను వెళ్లేసరికి ట్యూబ్‌లైట్ వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు, తెల్లారిందో లేదో తెలీక అమ్మని లేపకుండా మూడు గంటలు అలాగే కూర్చున్నాడంట. గోడ మీద చెయ్యి పెడితే చెమ్మ, రాత్రి ఆరేసిన తువ్వాలు పొద్దునకి కూడా తడిగానే ఉంది, ఏసీ ఆపితే ఊపిరాడదు, వేస్తే చలి. ఆ రోజే ఇంకో హోటల్‌కి మార్చా, కట్టిన డబ్బులు రాలేదు. అప్పట్నుంచి ఎవరికి బుక్ చేసినా గది వివరాల్లో కిటికీ ఉందా లేదా అన్నది మొదట చూస్తా. "కిటికీ ఉంది" అని రాసినా సరిపోదు, కొన్నిట్లో అది వరండాలోకో ఎదురు గోడలోకో తెరుచుకుంటది, దిగినవాళ్లు రాసిన రివ్యూల్లో "విండో" అన్న మాట పెట్టి వెతకండి, ఫొటోలు కూడా హోటల్ వాళ్లవి కాకుండా దిగినవాళ్లు పెట్టినవి చూడండి.

సైజు కూడా. చవక హోటళ్లలో గది పది చదరపు మీటర్ల దగ్గర ఉంటది, అంటే మన లెక్కలో 108 చదరపు అడుగులు. మంచం పోగా రెండు పెద్ద సూట్‌కేసులు ఒకేసారి తెరవలేరు, ఒకటి మూసి ఇంకోటి తియ్యాలి. బాత్రూంలో చాలాచోట్ల కమోడ్ పక్కనే షవర్, మధ్యలో అడ్డం ఉండదు, ఒకళ్లు స్నానం చేస్తే నేలంతా తడే, పెద్దవాళ్లు జారే ప్రమాదం ఉంది కాబట్టి రబ్బరు చెప్పులు ఒక జత తెచ్చుకోండి. పాత షాప్‌హౌస్‌లు అంటే కింద కొట్టు పైన ఇల్లు ఉండే పాత కట్టడాలు, వాటిని హోటళ్లుగా మార్చినవి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ కొన్నిట్లో లిఫ్ట్ ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి. లిఫ్ట్ ఉందా అని తప్పకుండా మెయిల్ పెట్టి అడగండి.

నలుగురు ఒకే గదిలో సర్దుకుంటాం అనుకుంటే ఇక్కడ కుదరదు. గదికి ఇద్దరంటే ఇద్దరే, పిల్లాడికి ఎన్నేళ్ల దాకా ఫ్రీయో ప్రతి హోటల్‌కీ ఒక రూల్ ఉంటది, చెక్ఇన్‌లో అందరి పాస్‌పోర్టులూ చూస్తారు. మీకు రెండు దారులున్నాయి, నలుగురు పట్టే ఫ్యామిలీ రూమ్ ఒకటి, లేదా చిన్నవి రెండు. మీ పది వేలు అంటే దాదాపు 145 డాలర్లు, డిసెంబర్లో ఆ డబ్బుకి కిటికీ ఉన్న గదులు రెండు రావడం కష్టం, నిజం చెప్పాలంటే నలుగురు పట్టే మంచి గది ఒకటి రావడం కూడా ముందే చూసుకుంటేనే. ఇక్కడ నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ చివరిదాకా స్కూళ్లకి సెలవులు, నెల చివరికొచ్చేసరికి రేట్లు ఇంకా ఎక్కుతాయి, అదృష్టం కొద్దీ మీది రెండో వారం. శుక్ర, శనివారాల రాత్రులు ఎక్కువ ఉంటాయి కాబట్టి ఆదివారం దిగి శుక్రవారం బయల్దేరేలా పెట్టుకోగలిగితే అక్కడే బాగా మిగులుద్ది. (డిసెంబర్ కుదరక వేరే నెల చూసుకునేవాళ్లు సెప్టెంబర్, అక్టోబర్లలో కార్ల రేసు ఫార్ములా వన్ వారం ఎప్పుడో కనుక్కుని దాన్ని వదిలేయండి, ఆ వారం రేట్లకి లెక్కే ఉండదు. చైనీస్ కొత్త సంవత్సరం అప్పుడేమో గది దొరికినా చైనీస్ స్టాళ్లు సగం మూసేసి ఉంటాయి.)

బుకింగ్‌లో మొదటి పేజీలో కనపడే రేటు నమ్మకండి, చివరి పేజీ దాకా వెళ్లి టాక్సులు కలిసిన మొత్తం చూసి పోల్చండి. బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ అన్నదానికి కూడా పడిపోవద్దు, చవక హోటళ్లలో అది బ్రెడ్డు, జామ్, కాఫీ పొడి. మీ అత్తగారు ఆ బ్రెడ్ ముక్క తినేబదులు రెండొందల అడుగులు నడిస్తే వేడి ఇడ్లీ ఉంది. కార్డు మిషన్ "రూపాయల్లోనా, సింగపూర్ డాలర్లలోనా" అని అడిగితే డాలర్లే నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్ల మార్పిడి రేటు పడుద్ది, అది ఎప్పుడూ మనకి నష్టమే.

అత్తగారి తిండి గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే మీరు దానిగురించే ఎక్కువ కంగారుపడుతున్నట్టున్నారు. లిటిల్ ఇండియాలో ఉన్నంతసేపూ బెంగ లేదు. కోమల విలాస్ 1947 నుంచి సెరంగూన్ రోడ్డు మీదే ఉంది, ఆనంద భవన్ అంతకంటే పాతది, 1924 నాటిది, రెండూ పూర్తి శాకాహారం. మురుగన్ ఇడ్లీ, శరవణ భవన్ కూడా ఉన్నాయి. టెక్కాలో దోశ కంటే వీటిల్లో రెట్టింపు దాకా ఉంటది, భోజనం పది డాలర్లు అటూఇటూ, కానీ ఒకే గరిటె కోడికూరలోనూ పప్పులోనూ పెట్టరన్న నిశ్చింత ఉంటది. టెక్కాలో శాకాహారం స్టాళ్లు ఉన్నాయి, అయితే పక్క స్టాల్లో మటన్ బిర్యానీ, అదే కప్పు కింద అవతల చేపల మార్కెట్, నేల తడి, ఆ వాసన పడని వాళ్లకి అక్కడ ముద్ద దిగదు. మా అమ్మ ఒకసారి వచ్చి కరివేపాకు, తమలపాకులు కొనుక్కుని, తినడం మాత్రం బయటకొచ్చే తింది. మీరూ బాబూ టెక్కాలో తినండి, ఆవిడకి బయట.

లిటిల్ ఇండియా దాటాకే జాగ్రత్త. ఇక్కడ "వెజిటబుల్" అంటే కూరగాయ ఉంది అని అర్థం, మాంసం లేదు అని కాదు. ఆకుకూర వేపుడు అడిగితే ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పలతో చేసేది) పోసి ఇస్తారు, సంబల్ అనే మిరప పచ్చడిలో రొయ్యల ముద్ద ఉంటది, నూడుల్స్ వేపే నూనెలో పంది కొవ్వు ఉండొచ్చు. "ఉత్త అన్నం పెట్టండి చాలు" అని చికెన్ రైస్ స్టాల్లో అడక్కండి, ఆ అన్నం కోడి కొవ్వులో వేపి కోడి నీళ్లతో వండుతారు, రుచంతా అందులోనే ఉంది. మా అమ్మకి నేను చేసిన పొరపాటు ఇంకోటి: బోర్డు మీద క్యారట్ కేక్ అని చూసి, తీపి కదా తినొచ్చు అని ఆర్డర్ ఇచ్చేశా. వచ్చింది చూస్తే అది కేకూ కాదు, క్యారటూ లేదు, ముల్లంగి, బియ్యప్పిండి కలిపి ఉడికించిన దిమ్మని ముక్కలు చేసి గుడ్డు కొట్టి పెనం మీద వేపింది. అమ్మ ఏమీ అనలేదు, ప్లేటు మెల్లగా నా వైపు జరిపి అరటిపండు వొలుచుకుంది. అలాగే కాయా టోస్ట్ అని రొట్టె మీద కొబ్బరి జామ్ రాసిస్తారు, ఇక్కడ అందరూ పొద్దున్నే తినేది, ఆ జామ్‌లో గుడ్డు ఉంటది. పరోటా ఇక్కడ ప్రాటా అంటారు, చాలాచోట్ల దాంతో ఇచ్చేది చేపల పులుసో మటన్ వేసిన పప్పో, ఏది పోస్తున్నారో అడగండి. "నో పోర్క్ నో లార్డ్" (పంది మాంసం, పంది కొవ్వు లేవు) అన్న బోర్డు చూసి శాకాహారం అనుకోకండి, హలాల్ బోర్డు ఉన్నచోట పంది ఉండదు కానీ బీఫ్ ఉండొచ్చు.

మరి బయట ఏం తినాలంటే చైనీస్ వెజిటేరియన్ స్టాల్ వెతకండి, బౌద్ధులు నడిపేవి, చాలా హాకర్ సెంటర్లలో ఒకటైనా ఉంటది. సన్న సేమ్యా వేపుడు, క్యాబేజీ, టోఫు, చూపించిన కూర పెట్టి ఇస్తారు, నాలుగు ఐదు డాలర్లు. పద్ధతిగా చేసేవాళ్లు ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు. కానీ అత్తగారికి ముందే చెప్పి తీసుకెళ్లండి, అక్కడ గోధుమతో సోయాతో చేసి అచ్చం కోడిముక్కలా చేపలా కనపడేవి పెడతారు, రంగు, పీచు అన్నీ అలాగే ఉంటాయి, తెలీకుండా చూస్తే కడుపులో తిప్పుద్ది. వాటిని పెట్టొద్దని చెప్పి కూరగాయలూ టోఫూ చూపించండి. కొన్నిట్లో గుడ్డు వాడతారు, "నో ఎగ్" అని ఒక మాట అనండి. చాంద్రమానంలో ఒకటో రోజు, పదిహేనో రోజు చైనీస్ వాళ్లు చాలామంది మాంసం మానేస్తారు, ఆ రోజుల్లో ఆ స్టాళ్ల ముందు పెద్ద లైన్లు.

బుగిస్ వైపు వెళ్తే మిడిల్ రోడ్డులో ఫార్చ్యూన్ సెంటర్ అని పాత బిల్డింగ్ ఉంది, లోపల శాకాహారం తిండి షాపులు వరసగా ఉంటాయి. దగ్గర్లోనే వాటర్లూ స్ట్రీట్, అక్కడ క్వాన్ ఇమ్ అమ్మవారి గుడి, దానికి రెండడుగుల్లో మన శ్రీకృష్ణుడి గుడి. చైనీస్ వాళ్లు అమ్మవారికి దణ్ణం పెట్టుకుని అదే చేత్తో కృష్ణుడి గుడి ముందు కూడా అగరుబత్తీలు వెలిగించి వెళ్తారు. మీ అత్తగారికి ఇది తప్పకుండా చూపించండి, నేను తీసుకెళ్లిన పెద్దవాళ్లు ఎవరూ దాన్ని మర్చిపోలేదు.

మీకూ బాబుకీ అయితే అడ్డేమీ లేదు. మాక్స్‌వెల్‌లో చికెన్ రైస్, ఆడమ్ రోడ్డులో నాసి లెమాక్ (కొబ్బరిపాల అన్నం, ఎండు నెత్తళ్లు, వేరుశనగ, సంబల్), సాయంత్రం ఏడు దాటాక లావ్ పా సాత్ అనే హాకర్ సెంటర్ పక్కన రోడ్డు మూసేసి బొగ్గుల మీద కాల్చే సాతే (పుల్లకి గుచ్చిన మాంసం ముక్కలు). సాతేలో బీఫ్ కూడా ఉంటది, చికెన్, మటన్ అని విడిగా చెప్పండి. రేస్ కోర్స్ రోడ్డులో చేపతలకాయ పులుసు పేరున్న రెస్టారెంట్లు ఉన్నాయి, అవి చవకేం కాదు, కానీ ఒక్క పూట మీరిద్దరూ బాబూ కూర్చుని తినడానికి డబ్బు పెడితే అక్కడ పెట్టండి, మాల్‌లో పిజ్జాకి కాదు.

హాకర్ సెంటర్‌లో మొదటిసారి గాభరాగా ఉంటది. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్టో గొడుగో పెట్టుంటే ఆ టేబుల్ ఎవరో పట్టుకున్నారని, తీసి పక్కన పెట్టకండి, మీరూ అలాగే పట్టుకోండి, ఇక్కడ దీన్ని చోప్ అంటారు. అత్తగారిని కూర్చోబెట్టి మీరు లైన్‌లో నిలబడండి. తిన్నాక ట్రే తీసికెళ్లి రాక్‌లో పెట్టాలి, 2021 నుంచి అది రూలే, పెట్టకపోతే ఫైన్ పడొచ్చు. చిల్లర నోట్లు ఉంచుకోండి, చాలా స్టాళ్లు మన కార్డులు తీస్కోవు. కాఫీ కొపి అనాలి, ఉత్త కొపి అంటే చిక్కటి తీపి పాలు పోసి ఇస్తారు, కొపి ఓ అంటే పాలు లేకుండా పంచదారతో, కొపి సీ అంటే తీపిలేని పాలు పోసి పంచదార, వెనక కొసొంగ్ అంటే పంచదార వద్దని, సియూ దాయ్ అంటే తీపి తక్కువని. మన ఇంటి కాఫీకి దగ్గరగా కావాలంటే కొపి సీ సియూ దాయ్. అమ్మేవాళ్లని అంకుల్, ఆంటీ అని పిలుస్తారు, తమిళం వాళ్లయితే అన్నా, అక్కా అంటే మొహం వికసిస్తది, ఇంకో గరిటె సాంబారు కూడా పడుద్ది.

ఆఫీసుల దగ్గరుండే ఆమోయ్ స్ట్రీట్ లాంటివి మధ్యాహ్నం రెండు దాటితే ఖాళీ, శని ఆదివారాలు దాదాపు మూసే ఉంటాయి. పేరున్న స్టాళ్లు వారంలో ఒకరోజు సెలవు, ఎక్కువగా సోమ, మంగళవారాలు. హాకర్ సెంటర్ మొత్తాన్నే మూడు నెలలకోసారి క్లీనింగ్‌కి మూస్తారు, వెళ్లేముందు ఒకసారి ఫోన్‌లో చూస్కోండి.

చూసే ప్రదేశాల దగ్గర తిండి ఖరీదు, ఇది ఎక్కడైనా ఉండేదే. సెంటోసా దీవికి వెళ్లే రోజు లోపలికి వెళ్లేముందే హార్బర్‌ఫ్రంట్ స్టేషన్ దగ్గర తినేయండి, అక్కడ సియా ఇమ్ అని హాకర్ సెంటర్ ఉంది, వివోసిటీ మాల్ పైన ఫుడ్‌కోర్టు ఉంది. అత్తగారికి ఆ రోజు పొద్దున టిఫిన్ చేసిన చోటే పెరుగన్నమో పులిహోరో పార్సిల్ కట్టించుకోండి. నీళ్ల సీసాలు కొనకండి, కుళాయి నీళ్లు తాగొచ్చు, నాలుగు ఖాళీ సీసాలు ఇంటి నుంచి తెచ్చుకుంటే ఐదు రోజుల్లో ముప్పై డాలర్లైనా మిగులుద్ది. మెట్రోలో మాత్రం నీళ్లు కూడా తాగకూడదు, 500 డాలర్ల దాకా ఫైన్. పాలు, పెరుగు, అరటిపళ్లు ఫెయిర్‌ప్రైస్, షెంగ్ సియోంగ్ సూపర్‌మార్కెట్లలో కొనండి. డిసెంబర్లో వాన ఎక్కువ, మధ్యాహ్నం ఒక్కసారిగా కురుస్తది, స్టేషన్ నుంచి హోటల్ ఐదు నిమిషాల నడకలో ఉండాలని నేను పట్టుబట్టేది అందుకు కూడా.

దిగే రోజు సంగతి. మనవైపు నుంచి రాత్రి ఫ్లైట్లు పొద్దున్నే దిగుతాయి, హోటల్ గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు మూడింటికి. సామాను హోటల్లో పెట్టుకోనిస్తారు, కానీ నిద్రలేని పిల్లాడితో పెద్దావిడతో ఆరేడు గంటలు తిరగడం నరకం, ముందే మెయిల్ పెట్టి గది త్వరగా ఇవ్వగలరా అని అడగండి, కొందరు కొంచెం డబ్బు తీసుకుని ఇస్తారు, ఆ డబ్బు ఇచ్చేయండి. నలుగురు, సామాను అంటే ఎయిర్‌పోర్ట్ నుంచి టాక్సీయే మేలు. తర్వాతి రోజుల్లో అంతా మెట్రో, బస్సు, మన కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డ్ నేరుగా గేటుకి ఆనిస్తే చాలు, విదేశీ కార్డుకి రోజుకి అరవై సెంట్లు అదనంగా పడతాయి, మనిషికో కార్డు ఉండాలి. ఎస్‌జీ అరైవల్ కార్డ్ అని దిగడానికి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, అది పూర్తిగా ఉచితం, డబ్బులడిగే వెబ్‌సైట్ కనపడితే మూసేయండి.

నన్నడిగితే మీరు గది బడ్జెట్ పది నుంచి పన్నెండు, పదమూడు వేలకి పెంచండి, ఫారర్ పార్క్ దగ్గర కిటికీ, లిఫ్ట్ ఉన్న ఫ్యామిలీ రూమ్, ఆదివారం నుంచి శుక్రవారం, డబ్బు వెనక్కి వచ్చే బుకింగ్ ఇప్పుడే చేసి పెట్టుకోండి, తర్వాత తక్కువకి కనపడితే మార్చుకోవచ్చు. పెంచిన ఆ డబ్బు తిండిలో ఎలాగూ వెనక్కొస్తది. రెండు మూడు హోటళ్లు అనుకున్నాక పేర్లు ఇక్కడే పెట్టండి, గది కిటికీ ఎటు తెరుచుకుంటదో, పొద్దున అత్తగారు ఇడ్లీకి ఎంత దూరం నడవాలో చూసి చెప్తా.